చిట్టీ డబ్బు, నల్లటి స్క్రీన్: నా 60 వేల గేమింగ్ పీసీ

జేబులో 60,000 పెట్టుకొని రోడ్డెక్కడానికి భయపడే నెలలో కంప్యూటర్ కొనడానికి బయల్దేరాను. 2023 నవంబర్. నెలాఖరున తెలంగాణ అసెంబ్లీ ఎన్నికలు. కోడ్ అమల్లో ఉంది, 50,000 దాటిన నగదుకు కాగితాలు చూపించకపోతే పోలీసులు పట్టుకుంటున్నారు. నాది చిట్టీ డబ్బు, అదీ మా కాలనీలో నమ్మకం మీద నడిచే చిట్టీ. దానికి కాగితం ఎక్కడి నుంచి తేను? చివరికి డబ్బంతా బ్యాంకులో వేసి, ఫోన్‌లోంచే కడదామని తేల్చుకున్నాను. అప్పుడు విసుగనిపించింది కానీ తర్వాత ఆ భయమే అక్కరకొచ్చింది.

అప్పుడు నాకు 33 ఏళ్లు. ఖమ్మంలో ఇంటర్ చదివే రోజుల్లో నెట్ సెంటర్‌లో గంటకు 15 రూపాయలిచ్చి వైస్ సిటీ, ఐజీఐ ఆడినవాణ్ని. తర్వాత ఉద్యోగం, పెళ్లి, ఆఫీసు ల్యాప్‌టాప్‌లో ఎక్సెల్ షీట్లు. ఆటలంటే ఇష్టం మాత్రం ఎక్కడో మనసులో ఉండిపోయింది. చిట్టీ పాట పాడి డబ్బు చేతికొచ్చాక ఇంట్లో విషయం చెప్పాను. "ఆటలకా? అరవై వేలా?" అంది మా ఆవిడ. ఆవిడ స్కూల్ టీచర్. ప్రశ్నపత్రాలు టైప్ చేసుకోవచ్చు, పెద్ద స్క్రీన్ ఉంటుంది అని బేరం పెట్టాను. అరవై దాటితే ఒప్పుకోనంది. ఆ అంకె గుర్తుంచుకోండి.

నేను అకౌంటెంట్‌ని కాబట్టి ముందు ఎక్సెల్ తెరిచాను. మొదటి లిస్టు ఇప్పుడు చూస్తే నవ్వొస్తుంది. పైన "ఐ7 ప్రాసెసర్" అని రాసి దాని పక్కన 25,000 వేశాను. ఆట బొమ్మల్ని గీసే గ్రాఫిక్స్ కార్డ్‌కి 8,000. ఎస్‌ఎంపీఎస్‌కి, అంటే లోపలి భాగాలకు కరెంట్ ఇచ్చే డబ్బాకి, అసలు వరసే లేదు, అది క్యాబినెట్‌తో పాటు వస్తుందనుకున్నాను. నెట్ సెంటర్ కాలంలో అలాగే వచ్చేది మరి.

ఆ లిస్టుని మా మేనల్లుడికి పంపాను. వాడు అప్పుడు హైదరాబాద్‌లోనే బీటెక్ రెండో ఏడాది, హాస్టల్లో ఉండేవాడు. గంట తర్వాత ఫోన్ చేశాడు. "మామయ్యా, ఏం ఆటలు ఆడతావ్? స్క్రీన్ ఎంతది కొంటావ్?" నేను ప్రాసెసర్ గురించి అడుగుతుంటే వీడు స్క్రీన్ గురించి అడుగుతాడేమిటి అనుకున్నాను. వాడి లెక్క వేరు. మామూలు ఫుల్ హెచ్‌డీ మానిటర్ మీద ఆడేవాడికి ఒక రకం కార్డ్ చాలు, దానికన్నా పెద్ద రిజల్యూషన్ అయితే ఇంకో రకం కావాలి. కార్డ్ ఏదో తేలాక, దాన్ని ఆపకుండా నడిపించగల ప్రాసెసర్ చూసుకోవాలి. ఆ రెండూ తేలాకే మిగతావి. నేను తలకిందులుగా మొదలుపెట్టానన్నమాట. జీటీఏ 5, కౌంటర్ స్ట్రైక్ 2, ఎప్పటికైనా సైబర్‌పంక్ 2077 అని చెప్పాను. 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మానిటర్. దాన్నుంచి లిస్టు మళ్లీ కట్టాం.

గ్రాఫిక్స్ కార్డ్ దగ్గరే వారం రోజులు గడిచిపోయాయి. 13 వేల దరిలో జీటీఎక్స్ 1650 ఉంది, 4 జీబీ. 2019 నాటి కార్డ్. కొంచెం పైన ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ. పేరు చూస్తే కొత్తది, నేను దానికే మొగ్గాను. అల్లుడు వద్దన్నాడు. ఎందుకని అడిగితే చెప్పింది ఇదీ: అన్ని భాగాల్నీ కలిపే పెద్ద పలక మదర్‌బోర్డ్. దానితో కార్డ్ మాట్లాడుకునే దారుల్ని లేన్లంటారు. మామూలుగా పెద్ద కార్డులకు 16 ఉంటాయి, దీనికి నాలుగే. కొత్త బోర్డ్ అయితే ఒక్కో లేన్ వేగం ఎక్కువ కాబట్టి సర్దుకుంటుంది. పాత తరం పీసీఐ 3.0 బోర్డ్ అయితే నాలుగు లేన్లూ ఇరుకైపోతాయి. పైగా మెమరీ 4 జీబీనే, అది నిండినప్పుడల్లా ఆ ఇరుకు దారిలోనే సామాను మోయాలి. చవక కార్డ్ కొనేవాడు చవక బోర్డే కొంటాడు కదా, అంటే ఎవరి కోసం తయారుచేశారో వాళ్ల దగ్గరే ఎక్కువ కుంటుపడుతుందన్నమాట. ఆడుతూ వీడియో రికార్డ్ చేసుకోవడానికి కావాల్సిన ఎన్‌కోడర్ కూడా దానిలో లేదు.

దాని పైన ఆర్‌ఎక్స్ 6600. 8 జీబీ, ఎనిమిది లేన్లు, 132 వాట్లు. ధర 20 వేల పైన. 1650 కన్నా ఏడెనిమిది వేలు ఎక్కువ, కానీ ఆటల్లో దాదాపు రెట్టింపు పని. అదే దరిలో, ఇంకా కాస్త ఎక్కువకే, ఆర్‌టీఎక్స్ 3050 ఉంది. మామూలుగా ఆడితే 6600 స్పష్టంగా ముందుంటుంది. రే ట్రేసింగ్ (వెలుగునీడల్ని నిజంలా చూపించేది), డీఎల్‌ఎస్‌ఎస్ (బొమ్మను చిన్నగా గీసి పెద్దది చేసి వేగం పెంచేది) కావాలంటే 3050 వైపు చూడాలి. అయితే ఆ స్థాయి కార్డ్‌లో రే ట్రేసింగ్ వేసుకుంటే ఆట నత్తనడక నడుస్తుంది, అందుకని ఆ ఆశ వదిలేశాను. (మేం కొన్నాక, 2024 ఫిబ్రవరిలో అదే 3050 పేరుతో 6 జీబీది ఇంకొకటి వచ్చింది. లోపల లెక్కలు చేసే యూనిట్లు, అంటే కోర్లు, తక్కువ, మెమరీ దారి సన్నం. డబ్బా మీద ఎన్ని జీబీయో చూడకుండా కొంటే మోసపోవడం ఖాయం.)

మధ్యలో సెకండ్‌హ్యాండ్ ఆలోచనా వచ్చింది. 2022 సెప్టెంబర్‌లో ఎథీరియం అనే క్రిప్టో కరెన్సీ పద్ధతి మారి, కార్డులతో లెక్కలు చేయించి దాన్ని సంపాదించడం, అంటే మైనింగ్, ఆగిపోయాక, రాత్రింబవళ్లు నడిచిన కార్డులు బోలెడు అమ్మకానికొచ్చాయి. ఒకాయన 1660 సూపర్ 9,000కి ఇస్తానన్నాడు. మైనింగ్ చేశారా అని అడిగితే "మా అబ్బాయి ఆడుకునేవాడు సార్, అంతే" అన్నాడు. ఎన్ని కార్డులున్నాయి అని అడిగితే ఆరు అన్నాడు. ఆ అబ్బాయి ఆరు కార్డులతో ఏం ఆట ఆడాడో నాకు తెలియదు. మైనింగ్ చేసిన కార్డులన్నీ చెడిపోయినవే అని నేననను, ఫ్యాన్లు మార్చుకొని హాయిగా వాడుతున్నవాళ్లు ఉన్నారు. బిల్లు లేదు, వారంటీ లేదు, అందుకే వెనక్కి తగ్గాను.

ప్రాసెసర్ సంగతి తొందరగానే తేలింది. ఐ3-12100ఎఫ్ నాలుగు కోర్లు, రైజెన్ 5 5600 ఆరు కోర్లు. మధ్యలో మూడు నాలుగు వేల తేడా. 6600 కార్డ్‌కి ఐ3 కూడా సరిపోతుందని అల్లుడే చెప్పాడు, నేనే ఆరు కోర్లకు పట్టుబట్టాను. మళ్లీ పదేళ్ల దాకా ఈ ఇంట్లో ఇంకో కంప్యూటర్‌కి అనుమతి రాదని నాకు తెలుసు. ఒక మిత్రుడు 5600జీ తీసుకోమన్నాడు, "జీ ఉంటే కార్డ్ లేకున్నా డిస్‌ప్లే వస్తుంది" అని. నిజమే, కానీ దానిలో క్యాష్ (ప్రాసెసర్ లోపలి వేగమైన చిన్న మెమరీ) సగమే, 32 ఎంబీ బదులు 16. ఎలాగూ కార్డ్ పెడుతున్నప్పుడు ఆ జీకి డబ్బు పెట్టి వేగం తగ్గించుకోవడం ఎందుకు? ఈ మాట మళ్లీ వస్తుంది.

నవంబర్ 18, శనివారం. హబ్సిగూడలో మెట్రో ఎక్కి ప్యారడైజ్‌లో దిగి, పార్క్‌లేన్ మీదుగా సీటీసీకి, అంటే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి నడిచాం. హైదరాబాద్‌లో కంప్యూటర్ సామాను అంటే ఇప్పటికీ అదే. మెట్ల దగ్గరే ఒకతను ఆపాడు. "గేమింగ్ పీసీయా సార్? ఐ7, 16 జీబీ, 4 జీబీ కార్డ్, లైటింగ్ క్యాబినెట్, 35 వేలు." చూస్తే నిజంగానే రంగురంగుల లైట్లు, కల్యాణ మండపంలా ఉంది. ఒక్క క్షణం మనసు లాగింది. అల్లుడు అడిగాడు, "ఏ జనరేషన్ అన్నా?" అతను కాస్త ఆగి "థర్డ్" అన్నాడు. ఐ7-3770, 2012 నాటిది. నాలుగు కోర్లు. పదేళ్ల తర్వాత వచ్చిన ఐ3కీ నాలుగు కోర్లే, పని మాత్రం దీన్ని మించి చేస్తుంది. విండోస్ 11 ఆ పాతదాన్ని ఒప్పుకోదు కూడా. ఆఫీసుల్లో తీసేసిన డబ్బాలకు రంగులేసి అమ్ముతారన్నమాట. ఐ7 అన్న మాట వినగానే పడిపోయేవాళ్లు నాలాంటివాళ్లు చాలామందే ఉంటారు.

నాలుగు షాపుల్లో కొటేషన్లు తీసుకున్నాం. అన్ని చోట్లా కాగితం మీద ఒకే లిస్టు ఇచ్చాం, అయినా తిరిగొచ్చిన కాగితంలో ఏదో ఒకటి మారేది. ఒకచోట రెండు 8 జీబీ ర్యామ్‌లు అడిగితే ఒకటే 16 జీబీ రాశారు. రెండు పెడితే ప్రాసెసర్‌కి రెండు దారుల్లో డేటా అందుతుంది, ఒకటే పెడితే ఒకే దారి. డబ్బు ఇంచుమించు అంతే, ఆటల్లో తేడా మాత్రం కనిపిస్తుంది. ఇంకోచోట ఫైళ్లు దాచుకునే ఎస్‌ఎస్‌డీలో వేగమైన ఎన్‌వీఎంఈ రకం బదులు నెమ్మదైన సాటాది. ఒక షాపులో ప్రాసెసర్ 1,500 తక్కువ. ఎందుకంటే అది ట్రే పీస్, డబ్బా లేదు, ప్రాసెసర్‌ని చల్లబరిచే కూలర్ లేదు, వారంటీ షాపు మాట మీదే.

అసలు గొడవ ఎస్‌ఎంపీఎస్ దగ్గర వచ్చింది. చివరికి మేం కుదుర్చుకున్న షాపాయన క్యాబినెట్ చూపిస్తూ "దీంతో 450 వాట్స్ ఎస్‌ఎంపీఎస్ ఫ్రీ సార్, నాలుగు వేలు మిగిలినట్టే" అన్నాడు. నాలుగు వేలంటే బేరం కాదా? నేను తల ఊపబోయాను. అల్లుడు ఆ డబ్బా తీసి నా చేతిలో పెట్టాడు. కొబ్బరి చిప్పంత తేలిక. పక్కకు తిప్పి స్టిక్కర్ చూపించాడు. ప్రాసెసర్, కార్డ్ రెండూ కరెంట్ తీసుకునేది ప్లస్ 12 వోల్టుల లైన్ మీదే. ఆ గడిలో 16 ఆంప్స్ అని ఉంది. 12ని 16తో గుణిస్తే 192 వాట్లు. కార్డ్ ఒక్కటే 132, ప్రాసెసర్ గట్టిగా పనిచేస్తే 76, రెండూ కలిపితే 208. "మామయ్యా, నీకు లెక్కలొచ్చు కదా" అన్నాడు. డబ్బా మీద పెద్దక్షరాల్లో 450 అని ఉన్నా అసలు పని చేయాల్సిన లైన్‌లో దానిలో సగం కూడా లేదు. బ్యాలెన్స్ షీట్‌లో ఇలాంటివి చాలా చూశాను కానీ ఇనుప డబ్బా మీద చూస్తాననుకోలేదు. ఇంకో మోడల్ తీయించాం. 550 వాట్లు, 12 వోల్టుల మీద 45 ఆంప్స్, అంటే 540. బ్రాంజ్ ముద్ర ఉంది, అది కరెంటు వృథా ఎంత తక్కువో చెబుతుంది తప్ప డబ్బా బలం గురించి కాదు, అందుకే ఆంప్స్ గడి విడిగా చూడాలి. ఆ కార్డ్‌కి కంపెనీ చెప్పేది 450 వాట్లే, కాబట్టి కాస్త ఎక్కువే కొన్నాను. మా వీధిలో వోల్టేజీ ఎలా ఊగుతుందో నాకు తెలుసు.

అక్కడ గట్టిగా ఉండి మదర్‌బోర్డ్ దగ్గర పిసినారితనం చేశాను. కొత్త తరం బీ550 బోర్డ్ 9,500, పాత తరం బీ450 బోర్డ్ 5,900. అల్లుడు బీ550 అన్నాడు. 6600కి ఎనిమిది లేన్లు ఉన్నాయి కాబట్టి పాత పీసీఐ 3.0 మీద కూడా పెద్దగా నష్టం ఉండదని వాడు చెప్పిన పాఠాన్నే వాడికి అప్పజెప్పి, బీ450 తీసుకున్నాను. 3,600 మిగిలాయి.

బిల్లు దగ్గర షాపాయన గొంతు తగ్గించి, "క్యాష్ అయితే బిల్లు లేకుండా చేసేద్దాం సార్, జీఎస్టీ 18 శాతం ఎందుకు" అన్నాడు. క్యాష్ ఉంటే ఏం చేసేవాణ్నో ఇప్పుడు చెప్పలేను. లేదు కాబట్టి ఫోన్‌లో కట్టి బిల్లు తీసుకున్నాను. ప్రాసెసర్ 12,500, కార్డ్ 20,500, బోర్డ్ 5,900, ర్యామ్ 3,300, 500 జీబీ ఎస్‌ఎస్‌డీ 3,000, ఎస్‌ఎంపీఎస్ 4,100, గాలి ఆడేలా ముందు జాలీ ఉన్న క్యాబినెట్ 3,200, మానిటర్ 10,400. మొత్తం 62,900. అసెంబుల్ చేసి ఇస్తామన్నారు, మేమే చేసుకుంటామన్నాం. అది అల్లుడి కోరిక.

మర్నాడు ఆదివారం, ప్రపంచ కప్ ఫైనల్. టీవీ ముందు చాప పరిచి సామానంతా దాని మీద పెట్టాం. ఈ ప్రాసెసర్‌కి అడుగున సన్నటి పిన్నులుంటాయి, మూలన బంగారు రంగు త్రికోణాన్ని బోర్డ్ మీది గుర్తుతో కలిపి వదిలితే దానంతటదే కూర్చోవాలి, నొక్కకూడదు. అది బాగానే అయింది. కూలర్ దగ్గర ఇరుక్కున్నాం. బోర్డ్ మీద ముందే ఉన్న ప్లాస్టిక్ బిగింపుల స్క్రూలు విప్పగానే వెనక పలక ఊడి కింద పడింది. దాన్ని ఒకరు వెనక నుంచి పట్టుకుంటే ఇంకొకరు ముందు నుంచి బిగించాలి. నేను పలక పట్టుకొని ఉన్నప్పుడు రోహిత్ 47 దగ్గర అవుటయ్యాడు. అల్లుడు స్క్రూడ్రైవర్ వదిలేశాడు, పలక మళ్లీ పడింది.

ఇండియా 240కి ఆలౌటయ్యే సరికి అంతా బిగించడం పూర్తయింది. ఆస్ట్రేలియా 47కి మూడు వికెట్లు పోగొట్టుకుంది, ఇల్లంతా కేకలు. అదే ఊపులో స్విచ్ వేశాను. ఫ్యాన్లు తిరిగాయి. కార్డ్ ఫ్యాన్ తిరిగింది. స్క్రీన్ నల్లగానే ఉంది.

ముందు దొరికిన తప్పు నాదే. కేబుల్ మదర్‌బోర్డ్‌కి పెట్టాను. ఈ ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ లేవు కాబట్టి ఆ రంధ్రం ఉత్తదే. కార్డ్‌కి మార్చాం. ఇంకా నలుపే. ర్యామ్‌లు తీసి రెండో గాడిలో, నాలుగో గాడిలో పెట్టాం, ఒక్కటే పెట్టి చూశాం, కార్డ్ తీసి మళ్లీ పెట్టాం. టీవీలో ట్రావిస్ హెడ్ కొడుతూనే ఉన్నాడు. ప్రాసెసర్ పాడుచేశామేమో అని నాకు ఒకటే టెన్షన్, అల్లుడి ముఖం మాడిపోయింది. బోర్డ్ మీద ఓ మూల చిన్న ఎర్ర లైటు, పక్కన సీపీయూ అని సన్నక్షరాలు. హెడ్ 137 కొట్టి వెళ్లాడు, మ్యాచ్ పోయింది, మేమిద్దరం రెండు రకాల శోకంతో చాప మీదే కూర్చున్నాం. "జీ కొనుంటే డిస్‌ప్లే వచ్చేది" అని నన్ను నేను తిట్టుకున్నాను. మా ఆవిడ వచ్చి చూసి ఏమీ అనకుండా వెళ్లింది. అదే భయం వేసింది.

రాత్రి పడుకునే ముందు అల్లుడికి తట్టింది. బీ450 వచ్చింది 2018లో, మా ప్రాసెసర్ వచ్చింది 2022లో. స్విచ్ వేయగానే బోర్డ్‌లో ముందు నడిచే ప్రోగ్రామ్‌ని బయోస్ అంటారు, బోర్డ్ తయారైనప్పటి బయోస్‌కి ఈ ప్రాసెసర్ ఉందనే తెలియదు. కొత్త బయోస్ ఎక్కించాలి, ఎక్కించాలంటే డిస్‌ప్లే రావాలి, రావాలంటే కొత్త బయోస్ కావాలి. కొన్ని బోర్డుల్లో ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవ్‌తో ఎక్కించే బటన్ ఉంటుంది. 5,900 బోర్డ్‌లో లేదు. అప్పుడు తెలిసింది, జీ కొన్నా ఇదే గతి పట్టేదని. కాస్త ఊరటగా అనిపించింది, ఎందుకో తెలియదు.

సోమవారం ఆఫీసులో పర్మిషన్ పెట్టి, బోర్డ్‌ని డబ్బాలో పెట్టుకొని మళ్లీ మెట్రో. షాపాయన చూడకుండానే "మీరు బిగించడంలో తేడా వచ్చుంటుంది సార్, అందుకే మేం చేస్తామన్నాం" అన్నాడు. నేను బిల్లు తీసి బల్ల మీద పెట్టాను. ఆ ప్రాసెసర్, ఆ బోర్డ్, ఒకే తేదీ, ఒకే బిల్లు. రెండూ కలిసి పనిచేస్తాయనే కదా అమ్మారు? ఆయన ఒక కుర్రాణ్ని పిలిచాడు. కుర్రాడు పాత రైజెన్ ఒకటి బోర్డ్‌లో పెట్టి, పెన్‌డ్రైవ్ గుచ్చి, ఇరవై నిమిషాల్లో బయోస్ మార్చి, మా ప్రాసెసర్ తిరిగి పెట్టి డిస్‌ప్లే చూపించాడు. డబ్బులు అడగలేదు. 3,600 మిగుల్చుకున్నందుకు ఒక రాత్రి నిద్ర, ఒక పూట పర్మిషన్ ఖర్చు. నష్టమేమీ కాదు, కానీ కొనేటప్పుడే "ఈ ప్రాసెసర్‌కి బయోస్ రెడీయా?" అని ఒక్క మాట అడిగి ఉంటే పోయేది.

ఆ రాత్రే అల్లుడు బయోస్‌లోకి వెళ్లి, ర్యామ్‌ని పూర్తి వేగంతో నడిపించే ఎక్స్‌ఎంపీ ఆన్ చేశాడు, లేకపోతే 3200 ర్యామ్ తక్కువ వేగంతోనే నడుస్తూ ఉండేది. పాత 600 వీఏ యూపీఎస్‌కి 7 ఏహెచ్ బ్యాటరీ కొత్తది వేయించాను, కరెంట్ పోతే ఆట సేవ్ చేసి ఆపేసేంత సమయం ఇస్తుంది. విండోస్ లైసెన్స్ నా ఎక్సెల్‌లో అసలు లేదు. కొన్నాళ్లు కుడిమూలన "యాక్టివేట్ చేయండి" అనే బూడిదరంగు అక్షరాలతోనే గడిపి, తర్వాత జీతంలోంచి కొన్నాను. 2,900 ఎక్కువైన సంగతి మా ఆవిడకు "అది జీఎస్టీ" అని చెప్పాను. పూర్తిగా అబద్ధమూ కాదు.

జీటీఏ 5 సెకనుకు నూరు ఫ్రేములు దాటి నడిచింది. ఆఫీసులో పక్క సీటాయనకు రోజూ వర్ణించేవాణ్ని, 165 హెర్ట్జ్ స్క్రీన్ అంటే ఏమనుకున్నారు, సెకనుకు 165 సార్లు బొమ్మ మారుతుంది, వెన్నలా జారుతుంది, ఒకసారి ఇది చూశాక మామూలు స్క్రీన్ చూడలేం అని. తొమ్మిదో రోజు అల్లుడు ఇంటికొచ్చి, కుర్చీలో కూర్చొని, మౌస్ రెండుసార్లు అటూ ఇటూ తిప్పి ఆగిపోయాడు. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్ తెరిచి చూపించాడు. 60 హెర్ట్జ్. నేను మొదటి రోజు నుంచీ దాన్ని మార్చనే లేదు.

పక్క సీటాయనకు ఈ సంగతి ఇప్పటికీ చెప్పలేదు.